తాయారమ్మ తప్పులు

మూడేళ్ళలో భువనేశ్వరి తాయారమ్మతో మాట్లాడిన మాటలన్నీ కలిపి రాసినా ఒక పేజీ నిండదు. అవి కూడా మెట్ల మీద, ఒకరు దిగుతూ ఒకరు ఎక్కుతూ అనుకున్న మాటలు. అయినా తాయారమ్మ తప్పులన్నీ భువనేశ్వరికి తెలుసు. ఆ తప్పుల్లోంచి ఆవిడ బతుకు కూడా చాలావరకు తెలుసు.

కోడంబాక్కం స్టేషను వెనక సందులో ఒక పాత డబ్బింగ్ థియేటరు ఉండేది. సినిమా పనులు తగ్గిపోయాక కోదండరాం అనే ఆయన దాన్ని బాడుగకు తీసుకుని అందులో కంప్యూటర్లు పెట్టాడు. గోడలనిండా చిల్లుల అట్టలు. వాటి వెనక దూది. లోపల మాట్లాడితే మాట నోటి దగ్గరే ఆగిపోయేది. కిటికీలు లేవు. వాన కురిసి వీధి మోకాలిలోతు మునిగినా, తలుపు తెరిచి బయటికొచ్చేదాకా లోపలివాళ్ళకు తెలిసేది కాదు. ముందు గోడకు పాత తెల్లతెర అట్లాగే వేలాడుతూ ఉండేది. దాని మీద ఏ బొమ్మా లేకపోయినా, దానికి వీపు పెట్టి కూర్చోవడానికి భువనేశ్వరికి మనసొప్పేది కాదు.

ఆ థియేటరులో జరిగే పని నెత్తురు కార్డుల పని. ఊళ్ళో ఒక ధర్మసంస్థ వాళ్ళ బ్లడ్ బ్యాంకులో ముప్ఫై ఏళ్ళుగా చేత్తో రాసిపెట్టిన కార్డులున్నాయి. నెత్తురు ఇచ్చే మనిషి పేరు, వయసు, గ్రూపు, చిరునామా. అవన్నీ కంప్యూటరులోకి ఎక్కించాలి. రోగికి నెత్తురు ఎక్కించే ముందు మళ్ళీ పరీక్ష చేస్తారట, నిజమే. కానీ అరుదైన గ్రూపు కావాలని కంప్యూటరు చెప్పిన మనిషిని పరుగున పిలిపించాక, ఆ మనిషిది ఆ గ్రూపు కాదని తేలితే, సరైన మనిషిని వెతికేదాకా బల్ల మీద పడుకున్నవాడి ప్రాణం ఆగదు. ఈ మాట మొదటిరోజే కోదండరాం చెప్పాడు. భువనేశ్వరి దాన్ని మరిచిపోలేదు.

అందుకే అక్కడ రెండు చేతుల పద్ధతి. ఒకే కార్డును ఇద్దరు వేరువేరుగా టైపు చెయ్యాలి, రోజుకు మూడువందల పన్నెండు కార్డులు. ఒకరిది ఒకరు చూడకూడదు. కార్డుల గురించి మాట్లాడుకోకూడదు. అందుకని ఇద్దరికీ ఒకే కుర్చీ, వేరే వేళలు. పొద్దున మొదటి చెయ్యి భువనేశ్వరి. రెండు గంటల నుంచి రెండో చెయ్యి తాయారమ్మ. సాయంత్రం ఎనిమిదికి ఒక స్క్రిప్టు తనంతట తానే మేలుకుని ఇద్దరి ఫైళ్ళనూ పక్కపక్కన పెట్టి చూసేది. పెర్ల్ అనే భాషలో వెంకట్రామ్ అనే అతను దాన్ని రాశాడు. రెండు చేతులూ ఒకటి చెప్పకపోతే అది హెచ్చరిక పెట్టేది. అంకె ఉండవలసినచోట అక్షరముంటే ఇంకో హెచ్చరిక. ఫైలే కనబడకపోతే ఇక ముందుకు పోకుండా ప్రాణం విడిచేది. ఆగిపొమ్మని చెప్పే మాటకు ఆ భాషలో చావు అనే అర్థమేనట.

పొద్దున భువనేశ్వరి వచ్చేసరికి హెచ్చరికలన్నీ ప్రింటరు లోంచి మడతలు మడతలుగా కింద పడి ఉండేవి. ఎర్ర పెన్సిలు తీసుకుని, కార్డు బీరువా దగ్గరికి పోయి, ఒక్కొక్క తప్పు ఎవరిదో చూసి దిద్దడం ఆమె పని. పదో క్లాసు మధ్యలో చదువు మానిపించినప్పుడు, ఇక తన చేతికి ఎర్ర పెన్సిలు వస్తుందని ఆమె అనుకోలేదు. హెచ్చరికలు ఇంగ్లీషులో ఉండేవి. ఒక నోటుబుక్కులో ఒకవైపు ఆ వాక్యం, ఇంకోవైపు దాని అర్థం రాసుకుని నేర్చుకుంది.

తాయారమ్మ ఇరవై ఏళ్ళు ప్యారిస్ కార్నర్‌లో వకీళ్ళ దగ్గర టైపిస్టు. ఆవిడ నేర్చుకున్న పాత మిషనులో ఒకటి అంకెకు మీటే లేదు. చిన్న ఎల్ అక్షరం కొట్టి ఒకటిగా సరిపెట్టుకునేవాళ్ళు. యాభై ఏళ్ళొచ్చాక కంప్యూటరు ముందు కూర్చున్నా ఆ వేలు మారలేదు. పద్దెనిమిదేళ్ళ వాడి వయసు ఎల్ ఎనిమిది. స్క్రిప్టు రోజుకు ఇరవైసార్లు మొరపెట్టుకునేది, ఎల్ అంకె కాదు, ఎనభై నాలుగో వరస అని. భువనేశ్వరి పక్కనే ఎర్ర పెన్సిలుతో ఒకటి వేసేది.

వానాకాలం ఆవిడ తప్పులు ఎక్కువయ్యేవి, వేళ్ళ కీళ్ళు పట్టేసేవి కాబోలు. ఒక మాసి నెలలో మూడు రోజులపాటు ఏ కార్డుకైనా వయసు ఇరవై నాలుగే పడింది. నాలుగోరోజు మెట్ల మీద భువనేశ్వరి ధైర్యం చేసి అడిగింది.

"పిన్నమ్మా, ఇంట్లో ఇరవై నాలుగేండ్ల వాళ్ళకెవురికన్నా ఒళ్ళు బాగలేదా?"

తాయారమ్మ కమ్మీ పట్టుకుని ఆగిపోయింది. "నా కూతురికి కాన్పు కష్టమైంది పాపా. నీకెవురు చెప్పినారు?"

"కాగితం."

"అడిపావీ! నీ దగ్గర ఒక తప్పు చేసేదానికి లేదే," అని నవ్వి, కొంగులోంచి రెండు మల్లెలు తెంచి ఇచ్చి పైకి పోయింది. ఆ తరువాత ఆవిడ ఎదురైనప్పుడల్లా, "ఏం కాగితం పాపా, నేను బాగున్నానా?" అని అడిగేది. భువనేశ్వరి తలొంచుకుని, "బాగున్నారు పిన్నమ్మా, ఆరు గంటలప్పుడు రవంత కునుకు పట్టింది," అనేది.

తొంభై ఎనిమిది ఐప్పసి నెల వానల్లో వెంకట్రామ్ పని మానుకున్నాడు. ఆయన చోట నరేన్ వచ్చాడు. ఇంజనీరింగ్ చదివినవాడు, చురుకైనవాడు, చెడ్డవాడు కాదు. థియేటరులో సౌండ్ ఇంజనీరు కూర్చునే అద్దాల గదిలో పొద్దున కూర్చునేవాడు, మధ్యాహ్నం కోదండరాంగారి ఇంకో ఆఫీసుకు పోయేవాడు. వచ్చిన సోమవారమే మూడు మార్పులు చేశాడు. భువనేశ్వరి వేళను ఏడు నుంచి ఒంటిగంట దాకా అని మార్చాడు. హాజరు పుస్తకం తీసేసి, రిపోర్టే హాజరు అన్నాడు. స్క్రిప్టును దిద్దాడు.

"ఇది పిల్లకాయ మాదిరి ఊరికే ఏడస్తా ఉండాది భువనా. సగంలో చచ్చిపోతాది. పని ఇచ్చిన పార్టీవాళ్ళు వచ్చి చూస్తే అసింగంగా, సిగ్గుగా లేదా? ఇంక ఇది ఏడవదు, చావదు. అన్నీ లోపలే పట్టేసుకునేటట్టు పెట్టినా."

మంగళవారం పొద్దున ప్రింటరు కింద ఒక్క కాగితమే ఉంది. మొదటి చెయ్యి భువనేశ్వరి. రెండో చెయ్యి తాయారు. కార్డులు మూడువందల పన్నెండు. తేడాలు లేవు.

భువనేశ్వరి దాన్ని తిప్పి చూసింది. వెనక ఖాళీ. మూడేళ్ళలో తాయారమ్మ వేలు ఒక్కరోజైనా ఎల్ కొట్టకుండా ఉండలేదు. "పిన్నమ్మ మారిందే," అనుకుంది. సంతోషపడాలి. కానీ ఎర్ర పెన్సిలు చేతిలో పట్టుకుని కూర్చుంటే, ఎదురింటివాళ్ళు ఉన్నట్టుండి మాట్లాడడం మానేసినట్టుంది.

బుధవారం తేడాలు లేవు. గురువారం తేడాలు లేవు. ఇద్దరికీ మధ్య ఇప్పుడు గంట ఎడముంది కాబట్టి మెట్ల మీద ఎదురుపడడం లేదు. తాయారమ్మ వచ్చిపోయినట్టు తెలియాలంటే కుర్చీనే గుర్తు. ఆవిడ పొట్టి మనిషి, కూర్చోగానే కుర్చీని కిందికి దించేది. రోజూ పొద్దున భువనేశ్వరి దాన్ని పైకి లేపుకునేది.

శుక్రవారం పొద్దున కుర్చీ లేపవలసిన పని లేకపోయింది. తను వదిలిన ఎత్తులోనే ఉంది. మీటల మధ్య మల్లెరేకు లేదు. ఫ్యాను తను తిప్పిన మూడులోనే ఉంది. కింద కాగితం మాత్రం పడి ఉంది. రెండో చెయ్యి తాయారు. కార్డులు మూడువందల పన్నెండు. తేడాలు లేవు.

శనివారం కూడా అంతే. ఆ మరుసటి వారమంతా అంతే. కార్డులు టైపయినా కాకపోయినా, బల్ల మీద ఉన్నవాటిని సాయంత్రం కట్టగట్టి బీరువాలో పెట్టడం వాచ్‌మన్ ఆదిమూలం పని, కాబట్టి బల్ల ఎప్పుడూ శుభ్రంగానే ఉండేది. భువనేశ్వరి ఒకరోజు పోయేముందు కుర్చీ మీద తన తలవెంట్రుక ఒకటి అడ్డంగా పెట్టి పోయింది. పొద్దున అది అక్కడే ఉంది. దాని మీద ఎవరో కూర్చుని మూడువందల పన్నెండు కార్డులు ఒక్క తప్పు లేకుండా కొట్టిపోయారు.

ఆమె లేచింది. తెర వైపు చూడకుండా అద్దాల గది దగ్గరికి పోయింది.

"సార్, తాయారమ్మ వస్తా ఉండారా?"

నరేన్ తల ఎత్తలేదు. "రిపోర్టులో పేరుందా?"

"ఉంది సార్."

"అప్పురం ఏంది? వస్తా ఉండారు. మిషను అబద్ధం చెప్పదు భువనా."

ఆమె ఇంకేదో అడగాలనుకుంది. అడగకుండానే తిరిగొచ్చి కూర్చుంది. తన చేతుల సంగతి ఆమెకు తెలుసు. ఎంత జాగ్రత్తగా కొట్టినా రోజుకు మూడో నాలుగో తప్పులు పడతాయి. అవి ఇన్నాళ్ళూ తాయారమ్మ చేతికి తగిలి బయటపడేవి. ఇప్పుడు అవి ఎక్కడికి పోతున్నాయి? రెండు వారాలకు నలభై తప్పులు. నలభై మంది మనుషులు. బుధవారం ఫ్లాపీలు బ్లడ్ బ్యాంకుకు పోతాయి.

సోమవారం ఆమె జన్మలో చేయని పని చేసింది. కార్డుల మధ్యలో, ఏ కార్డూ లేకుండా, ఒక లేని మనిషిని కొట్టింది. పేరు భువనేశ్వరి. వయసు నూట తొంభై. గ్రూపు జెడ్. అట్లాంటి గ్రూపు లోకంలో లేదు. ఎవరు కూర్చున్నా ఇది వాళ్ళ చేతికి దొరకదు, ఎందుకంటే కార్డే లేదు. రేపు స్క్రిప్టు అరిచి తీరాలి.

మంగళవారం పొద్దున కాగితం అదే మాట చెప్పింది. కార్డులు మూడువందల పదమూడు. తేడాలు లేవు. సరిచూసిన ఫైలు తెరిచింది. మధ్యలో తన పేరుంది. నూట తొంభై ఏళ్ళు. గ్రూపు జెడ్. చివరి గడిలో, రెండో చేత్తో సరిచూసినవారు: తాయారు.

తన మనసులో మాత్రమే ఉన్న అబద్ధాన్ని ఇంకెవరో తనతోపాటు కూర్చుని, అక్షరం తప్పకుండా కొట్టినట్టుంది.

ఆమె లేచి, పెన్సిలు కూడా కింద పెట్టకుండా మెట్లు దిగింది. ఆదిమూలం గేటు దగ్గర గొడుగు ఆరబెట్టుకుంటున్నాడు.

"తాతా, రెండు గంటలకు తాయారమ్మ వస్తా ఉండాదా?"

"యాడొస్తాది? రెండో వారం అయిపోతా ఉండాది ఆయమ్మ రాక. రోజూ తలుపు తీసి పెడతా, మళ్ళా మూస్తా."

"నువ్వెందుకు చెప్పలేదు?"

"నన్నెవురు అడిగినారు తల్లీ? తలుపు తియ్యమన్నారు, తీసినా."

తాయారమ్మ ఎప్పుడో మెట్ల మీద చెప్పిన గుర్తులతో వ్యాసర్పాడికి రెండు బస్సులు మారి పోయింది. రైల్వే యార్డు గోడ వెంబడి వరసగా ఇండ్లు. వ్యాగన్లు ఒకదానికొకటి తగులుకున్నప్పుడల్లా చూరులో చెక్కిన పళ్ళేలు గలగలమంటున్నాయి. ఇన్నాళ్ళూ ఆ దూది గోడల మధ్య ఉండివచ్చిన చెవులకు ఆ చప్పుడు దెబ్బలాగ తగిలింది. మూడో ఇంటి గడపలో దీపం ఉంది. దీపం పక్కన బొంత పరిచి, దాని మీద ఒక పెద్దాయన కూర్చుని ఉన్నాడు. తాయారమ్మ భర్త యతిరాజులు, యార్డులో పనిచేసి మానుకున్నాయన.

"ఎవురమ్మా?"

"భువనేశ్వరి. ఆఫీసు నుంచి..."

ఆయన ఆమె చేతిలోని ఎర్ర పెన్సిలు వైపు చూశాడు. "కాగితం పాపవా?"

భువనేశ్వరి తలూపింది.

"రా. కూర్చో. నీకోసరమే చూసింది. మొన్న ఆదివారం తెల్లారుజామున పోయినాది."

ఆమె గడప మీదే కూర్చుంది. ఆయన మెల్లగా చెప్పాడు. రెండు వారాల కిందటి బుధవారం సాయంత్రం పనిలో కూర్చుని ఉండగా తాయారమ్మకు కుడిచెయ్యి తిమ్మిరెక్కింది. సగంలో లేచి ఇల్లు చేరుకుంది. పొద్దునకు కుడిపక్క పడిపోయింది. ఆస్పత్రిలో చూసి ఇంటికి తీసుకుపొమ్మన్నారు.

"మీ ఆఫీసుకు బూత్ నుంచి ఫోను చేసినా. మూడు మధ్యానాలు చేసినా. మోగతా ఉండాది, ఎవురూ ఎత్తలే. మనిషిని పంపిస్తానంటే ఇదే ఒప్పుకోలే. మాట సరిగా తిరక్క పోయినా నాకు అర్థమయ్యేది. ఆ పాప పొద్దున కాగితం చూస్తాది, సగంలో నిలిచిపోయిందని తెలిసిపోతాది, సాయంత్రానికి ఈడికి వచ్చేస్తాది అని. ఒగదినం కాదు, అన్ని దినాలూ అదే మాట."

"నాకు తెలియలేదు చిన్నాయనా. కాగితం... కాగితం బాగుందనే చెప్పింది."

"పోనీలేమ్మా. ఒగటి మాత్రం నాకు అర్థం కాలే." యతిరాజులు బొంత మీద ఎడమచెయ్యి పరిచి, వేళ్ళను ఒక్కొక్కటిగా ఆడించి చూపించాడు. "మధ్యానం రెండైతే సరి, దుప్పటి మీద ఇట్లా కొట్టేది. ఆ మంచిచేత్తో. ఆపకుండా. పొద్దుబోయేదాకా. ఏం రాస్తా ఉండావే అంటే నన్ను చూసి నవ్వేది."

యార్డులో ఒక వ్యాగను తగులుకుంది. దీపం రవంత ఊగి నిలబడింది.

బుధవారం పొద్దున కోదండరాం వచ్చాడు, ఫ్లాపీలు తానే తీసుకుపోదామని. నరేన్ పెట్టె కడుతున్నాడు. భువనేశ్వరి అద్దాల గది తలుపు దగ్గర నిలబడింది. మూడేళ్ళలో ఆమె ఆ గడప దాటింది లేదు.

"అవి పంపించొద్దు సార్."

కోదండరాం కళ్ళద్దాల మీదుగా చూశాడు. "ఏందమ్మా?"

"తాయారమ్మ ఆదివారం చనిపోయినారు. రెండు వారాలుగా రెండో చెయ్యి లేదు."

"ఏం మాట్లాడతా ఉండావ్ భువనా?" అన్నాడు నరేన్. "రిపోర్టు నిన్నటిది కూడా ఉండాది. ప్రోగ్రాము నువ్వు రాసినావా, నేను రాసినానా?"

ఆమె చేతిలో మడిచి పెట్టుకున్న కాగితాన్ని బల్ల మీద పరిచింది. అచ్చు వేసి తెచ్చిన ఒక్క వరస.

కోదండరాం పైకి చదివాడు. "భువనేశ్వరి, నూట తొంభై ఏండ్లు, గ్రూపు జెడ్..." నవ్వబోయాడు. చివరి గడి దగ్గర నవ్వు ఆగిపోయింది. "సోమవారం సరిచూసింది తాయారా? ఆదివారం పోయినావిడ?"

నరేన్ స్క్రిప్టు తెరిచాడు. కిందికి పోనిచ్చి ఒకచోట ఆగాడు. హెచ్చరిక వస్తే ఈ రెండు బ్రాకెట్ల మధ్య ఉన్న పని చెయ్యి అని ఉంది. బ్రాకెట్ల మధ్య ఏమీ లేదు. తేడాల లెక్క ఆ హెచ్చరికల్లోంచి తీసేదే, కాబట్టి అది ఎప్పటికీ సున్నా. ఫైలు దొరక్క ప్రాణం విడవబోయినప్పుడు కూడా దాన్ని పట్టుకుని, నోరు నొక్కి, మొదటి చేతి ఫైలుతోనే ముందుకు నడిపించేట్టు ఉంది. రెండో చేతి పేరు స్క్రిప్టులోనే రాసిపెట్టి ఉంది, మార్చేవాళ్ళు లేక అట్లాగే అచ్చవుతూ ఉంది.

"అన్నీ పట్టుకున్నా గదా..." అన్నాడు, ఎవరితోనో చెప్పుకుంటున్నట్టు.

"పట్టుకుని ఏం చేసినారు సార్?" అంది భువనేశ్వరి.

నరేన్ ఖాళీ బ్రాకెట్ల మీద వేలు పెట్టాడు. "ఏమీ చెయ్యలే."

కోదండరాం పెట్టె తాడు తానే విప్పేశాడు. బ్లడ్ బ్యాంకుకు ఫోను చేసి, ఇంకో నెల పడుతుందని, తప్పు తమదేనని చెప్పాడు. భువనేశ్వరిని రెండు వారాల కార్డులు మళ్ళీ కొట్టమనబోతే ఆమె తల అడ్డంగా ఊపింది. "నా కార్డులకు నేనే రెండో చెయ్యి కాకూడదు సార్." అయితే నేనే కూర్చుంటాలే అన్నాడాయన.

నరేన్ ఖాళీ బ్రాకెట్లు తీసేసి, పాత ఫైళ్ళన్నిటి మీదా స్క్రిప్టును మళ్ళీ నడిపించాడు. ప్రింటరు మొదలైంది. మింగినవన్నీ కక్కుతున్నట్టు కాగితం మడతలు మడతలుగా నేల మీదికి దిగింది. భువనేశ్వరి మోకాళ్ళ మీద కూర్చుని చదువుతూ పోయింది. మార్పు జరిగిన సోమవారంనాడూ, మంగళవారంనాడూ తాయారమ్మ ఎల్‌లు ఎప్పటిలాగే ఉన్నాయి. బుధవారం మొదటి కార్డుల్లో కూడా ఉన్నాయి. ముప్ఫయ్యో కార్డు నుంచి మీటలు తడబడ్డాయి. పక్క అక్షరాలు పడ్డాయి, ఒకే అక్షరం నాలుగుసార్లు పడింది. ఆ మరునాడు పొద్దున ఒక్క చూపు చూసి ఉంటే చాలు, ఆ చెయ్యి ఎవరిదో, దానికేమవుతోందో తెలిసిపోయేది. సాయంత్రానికి వ్యాసర్పాడి చేరేది.

నలభై ఎనిమిదో కార్డులో పేరు సగమే ఉంది. వయసు గడిలో ఒక్క అక్షరం. దాని తరువాత రెండువందల అరవై నాలుగు వరసలు, ఇక్కడ ఏమీ లేదు, ఇక్కడ ఏమీ లేదు అని. ఆ తరువాత రోజుకొకటి చొప్పున, తాయారు ఫైలు తెరవడానికి లేదు, తాయారు ఫైలు తెరవడానికి లేదు అని.

ఆమె కాగితాన్ని వెనక్కి తిప్పి నలభై ఎనిమిదో కార్డు దగ్గరికి వచ్చింది. ఎల్ అంకె కాదు, నలభై ఎనిమిదో వరస. పెన్సిలు తీసుకుంది.

"ఒకటి, పిన్నమ్మా," అంది. ఆ మాట నోటి దగ్గరే ఆగిపోయింది. ఎల్ పక్కన ఎర్రగా ఒకటి వేసి, లేచి పోయి, తను పైకి లేపుకున్న కుర్చీని కిందికి దించింది.